అనుమతి మనిషికా, పాత్రకా?

ఒక పాఠశాలలో మార్కుల పట్టిక కంప్యూటరునందు ఉన్నదనుకొందము. 40 మంది ఉపాధ్యాయులకు పదేసి అనుమతులను విడివిడిగా ఇచ్చినచో 400 ముడులు పడును. ఒకరు బదిలీ అయినపుడు పదింటిని వెదకి విప్పవలెను. ఒక్కటి మరచినను వెళ్ళినవారి చేత తాళపుచెవి మిగిలిపోవును.

అనుమతులను మనిషికి గాక ‘పాత్ర’కు ముడివేయు పద్ధతిని 1992లో అమెరికా జాతీయ ప్రమాణ, సాంకేతిక సంస్థలోని డేవిడ్ ఫెరయోలో, రిచర్డ్ కూన్ క్రమబద్ధముగా వివరించిరి. మన పట్టికకు మూడు పాత్రలు చాలును: మార్కులు ఎక్కించువారు, సరిచూచి ఖాయపరచువారు, కేవలము చూచువారు. మార్కుల పాత్రతో జీతముల పట్టిక తెరచుకొనరాదు.

ఎక్కించిన చేయియే ఖాయపరచినచో తప్పు పట్టువారుండరు గనుక ఆ రెండు పాత్రలను ఒకరికే ఇయ్యరాదు. చిన్న పాఠశాలలో ఇది కష్టమే. లెక్కల మాస్టారు బదిలీ అయిననాడు ఆయన పాత్రను తొలగించిన చాలును. కొత్తగా వచ్చినవారికి అదే పాత్రను ఇత్తురు.