బొమ్మల పుస్తకమే తొలి బడి

* అక్షరం కన్నా ముందు మాట.. మాట కన్నా ముందు చూపు
* ఒక్క పుస్తకంతో అయిదు రోజుల ఆటపాటలు
* పలు భాషల సైబరాబాద్‌లో చిన్నారులకు చిత్రమే వారధి

శేరిలింగంపల్లి: 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి ఈ ప్రాంతం రూపురేఖలు మారుతూనే ఉన్నాయి. బండరాళ్లు, జొన్నచేలు ఉన్న చోట అద్దాల మేడలు వెలిశాయి. ఆ మేడల్లో కొలువు చేసే వారి పిల్లలు, ఆ మేడలు కట్టే కూలీల పిల్లలు ఒకే రహదారికి అటూ ఇటూ పెరుగుతున్నారు. ఒకరి చేతిలో సెల్‌ఫోన్ ఉంటుంది. మరొకరికి ఇసుక కుప్పే ఆటస్థలం. ఇరువురికీ సాధారణంగా కొరవడుతున్నది మాత్రం ఒక్కటే. పక్కన కూర్చుని, బొమ్మల పుస్తకం తెరిచి, తీరుబడిగా నాలుగు మాటలు మాట్లాడే పెద్దవారు.

మూడు నుంచి ఆరేళ్ల లోపు వయసులో పుస్తకం అనగానే చాలామందికి అక్షరమాల, అంకెలే గుర్తుకొస్తాయి. పలక మీద ఎన్ని అక్షరాలు దిద్దాడన్నదే చదువుకు కొలమానమైంది. బొమ్మల కథల పుస్తకం చేసే పని వేరు. అది బిడ్డ చేత మాట్లాడిస్తుంది, ఊహింపజేస్తుంది, లెక్కపెట్టిస్తుంది, చేతితో ఏదో ఒకటి చేయిస్తుంది. అయితే ఇవన్నీ పుస్తకం కొన్నంత మాత్రాన జరగవు. దానిని వాడే పద్ధతి తెలియాలి.

బొమ్మకు పాత చరిత్రే

చదువులో బొమ్మను వాడడం కొత్త సంగతి కాదు. చెక్ విద్యావేత్త కొమీనియస్ 1658లోనే లోకంలోని వస్తువులను బొమ్మలతో పరిచయం చేసే పుస్తకాన్ని పిల్లల కోసం వెలువరించారు. తెలుగునాట రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ పత్రికను తెచ్చారు. 1947 జులైలో ‘చందమామ’ వచ్చింది. చదవడం రాని పిల్లలు సైతం ఆ బొమ్మలు చూస్తూ కథ చెప్పించుకున్న ఇళ్లు తెలుగునాట ఎన్నో.

ఆరేళ్లు నిండేలోగా మెదడు వికాసంలో 85 శాతానికి పైగా పూర్తవుతుందని 2020 నాటి జాతీయ విద్యావిధానం పేర్కొంది. ఈ దశలో చదువు ఆటల రూపంలోనే సాగాలని, వీలైనంత వరకు ఇంటి భాషలోనే ఉండాలని 2022లో వెలువడిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం సూచించింది. ఆ మరుసటి ఏడాది కేంద్ర విద్యాశాఖ విడుదల చేసిన ‘జాదూయీ పిటారా’ పెట్టెలోనూ బొమ్మల కార్డులు, కథల పుస్తకాలు, ఆటవస్తువులకే పెద్దపీట వేశారు.

చదివి వినిపిస్తే చాలదు

పెద్దవారు గడగడా చదువుతూ పోతే, పిల్లలు చేతులు కట్టుకుని వింటే ఫలితం కొంతే. అమెరికా మనస్తత్వవేత్త గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయన సహచరులు 1988లో ఒక అధ్యయనం ప్రచురించారు. బొమ్మల పుస్తకం చదివేటప్పుడు ప్రశ్నలు వేసి, బిడ్డ జవాబును పెంచి చెప్పే పద్ధతిని కొందరు తల్లిదండ్రులకు నేర్పారు. నెల రోజులు తిరిగేసరికి, మామూలుగా చదివి వినిపించిన వారి పిల్లల కంటే వీరి పిల్లలు మాటల్లో ముందున్నట్లు తేలింది.

ఈ పద్ధతిలో నాలుగు మెట్లున్నాయి. అడగడం, విని మెచ్చుకోవడం, ఆ మాటను పెంచి చెప్పడం, తిరిగి చెప్పించడం. ఉదాహరణకు పుస్తకంలో మట్టి తవ్వే యంత్రం బొమ్మ ఉందనుకుందాం.

‘‘ఇదేంది బిడ్డా?’’ అని టీచర్ అడుగుతుంది.

‘‘జేసీబీ’’ అంటాడు పిల్లవాడు.

‘‘అవును, జేసీబీనే. పసుపుపచ్చ జేసీబీ మట్టి తవ్వుతుంది. ఏదీ, నువ్వు చెప్పు.’’

‘‘పసుపుపచ్చ జేసీబీ మట్టి తవ్వుతుంది.’’

ఒక్క మాట నాలుగు మాటల వాక్యమైంది. రంగు తెలిసింది, పని తెలిసింది. ‘‘ఆ మట్టి ఎక్కడికి పోతది?’’ అని మరో ప్రశ్న వేస్తే ఆలోచన మొదలవుతుంది. ఒకే పుస్తకాన్ని పదిసార్లు చదవమని పిల్లలు మారాం చేస్తే విసుక్కోరాదు. తొలిసారి బొమ్మ చూస్తారు, రెండోసారి కథ పట్టుకుంటారు, ఆ తర్వాతే సొంత మాటల్లో చెప్పగలుగుతారు.

ఒక పుస్తకం.. అయిదు రోజులు

చెన్నైకి చెందిన తూలిక ప్రచురణ సంస్థ తెచ్చిన ‘గజపతి కులపతి’ పుస్తకాన్నే తీసుకుందాం. అశోక్ రాజగోపాలన్ రాసి, బొమ్మలు వేసిన ఈ కథ తెలుగులోనూ లభించింది. ఒక పెద్ద ఏనుగుకు జలుబు చేస్తుంది. తుమ్ము వస్తుంది. అంత చిన్న కథతో వారమంతా ఇలా గడపవచ్చు.

మొదటి రోజు: పిల్లలను అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టి, బొమ్మ అందరికీ కనిపించేలా పట్టుకోవాలి. ముందుగా అట్టబొమ్మ మాత్రమే చూపి కథ ఏమై ఉంటుందో అడగాలి. తప్పు, ఒప్పు అనకుండా అందరి మాటా వినాలి. ఆ తర్వాతే కథ చదవాలి.

రెండో రోజు: ఏనుగు ఎలా తుమ్ముతుంది, చీమ ఎలా తుమ్ముతుంది అంటూ పెద్ద, చిన్న శబ్దాలు చేయించాలి. ఏనుగులా బరువుగా, పిల్లిలా చప్పుడు లేకుండా నడిపించాలి. చెవికి శబ్దాల తేడా పట్టుబడడం మున్ముందు అక్షరాలు నేర్వడానికి ఆధారం.

మూడో రోజు: నేల మీద సుద్దముక్కతో ఏనుగు పాదమంత గుండ్రం గీయాలి. అందులో ఎందరి పాదాలు పడతాయో నిలబడి చూసి లెక్కించాలి. ఎక్కువ, తక్కువ, పెద్ద, చిన్న అన్నవి పలక లేకుండానే బోధపడతాయి. చింతగింజలతోనూ లెక్కలు చేయించవచ్చు. అయితే చిన్నారులు గింజలను ముక్కులోనో చెవిలోనో పెట్టుకునే ప్రమాదం ఉన్నందున పెద్దవారి కళ్లెదుటే ఆడించాలి.

నాలుగో రోజు: బంకమట్టితో ఏనుగును చేయించాలి. తొండం పొడవుగా సాగదీయడం, చెవులు చదును చేయడం వల్ల వేళ్లకు పట్టు వస్తుంది. రేపు పెన్సిల్ పట్టేది ఆ వేళ్లే. జలుబు చేస్తే ఇంట్లో ఏం చేస్తారో అడిగితే తులసి, మిరియాలు, ఆవిరి అంటూ సొంత అనుభవాలు చెబుతారు. తుమ్మేటప్పుడు ముక్కుకు గుడ్డ అడ్డుపెట్టుకోవడం, చేతులు కడుక్కోవడం ఈ సందర్భంలోనే చెప్పవచ్చు.

అయిదో రోజు: పిల్లలే కథ చెప్పాలి. ఒక్కొక్కరూ ఒక బొమ్మ వేస్తే, వారు చెప్పిన మాటను టీచర్ దాని కింద రాయాలి. తాము పలికిన మాటే కాగితం మీదకు వస్తుందని పిల్లలకు అర్థమైన రోజే చదువు మీద మమకారం పుడుతుంది. ఇందుకు ఖర్చేమీ లేదు. కార్యాలయాలు పారేసే, ఒకవైపే ముద్రించిన కాగితాలు ఈ ప్రాంతంలో కొదవ కాదు. వాటి వెనుక వైపు ఖాళీయే.

ఏనుగు ఒక్కటే.. పేర్లు అనేకం

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడల నిర్మాణ పనులకు పాలమూరు, ఉత్తరాంధ్రల నుంచే గాక ఒడిశా, బిహార్, బెంగాల్ వంటి రాష్ట్రాల నుంచీ కుటుంబాలు తరలి వస్తుంటాయి. ఆ బిడ్డకు తెలుగు రాదు, టీచరుకు ఒడియా రాదు. అక్షరాల పుస్తకం అక్కడే ఆగిపోతుంది. ఏనుగు బొమ్మ ఆగదు. ఒకరు ఏనుగంటే, ఇంకొకరు హాతీ అంటారు, కన్నడ బిడ్డ ఆనె అంటుంది. అన్ని పేర్లనూ అందరి చేతా పలికిస్తే అదే ఒక ఆట. తన ఇంటి మాటకు తరగతిలో చోటు దొరికిన బిడ్డ మరునాడు కూడా వస్తుంది.

అపార్ట్‌మెంట్లలో మరో రకం మౌనం ఉంది. మనుమలను చూసుకునేందుకు ఊళ్ల నుంచి వచ్చిన నాయనమ్మలు, అమ్మమ్మలు అల్మారాలోని ఇంగ్లిష్ పుస్తకాలను చూసి ‘మనకు రావు’ అని పక్కన పెట్టేస్తున్నారు. బొమ్మకు ఇంగ్లిష్ అవసరం లేదు. కింద రాసినదాన్ని వదిలేసి, బొమ్మను చూస్తూ తమ ఊరి మాటల్లో కథ అల్లి చెబితే ఆ బిడ్డకు రెండింతల లాభం. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలను రోజుకు గంటకు మించి తెరల ముందు కూర్చోనివ్వరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఆ స్థానంలో కథ చెప్పడం మేలని కూడా పేర్కొంది.

పుస్తకాలు దొరికేదెక్కడ?

నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం, తూలిక, ప్రథమ్ బుక్స్ తెలుగులో బొమ్మల కథలను అందించాయి. సికింద్రాబాద్‌లోని తార్నాక చిరునామాతో మంచి పుస్తకం సంస్థ తెలుగు బాలల పుస్తకాలు వెలువరిస్తూ వచ్చింది. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన ‘స్టోరీవీవర్’ వెబ్‌సైట్‌లోని కథలను ఉచితంగా చదువుకోవచ్చు, ముద్రించుకోవచ్చు, వేరే భాషలోకి మార్చుకోవచ్చు. ఒకే బొమ్మల కథ తెలుగులో, ఒడియాలో, హిందీలో లభిస్తే తరగతిలో అందరికీ అందుతుంది.

ఏదీ దొరకనప్పుడు సొంతంగా తయారుచేసుకోవడమే మార్గం. క్రేన్, మెట్రో రైలు, దుర్గం చెరువు, బండరాళ్లు, ఊళ్లోని తాత ఇల్లు.. పిల్లలు రోజూ చూసేవే పుటలవుతాయి. అట్టపెట్టె ముక్క అట్టగా, దారం కుట్టుగా పుస్తకం సిద్ధం.

బీరువా తాళమే అడ్డు

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలో పౌష్టికాహారంతో పాటు పూర్వ ప్రాథమిక విద్య కూడా ఒక సేవ. యాభై మందికి మించి మహిళా కూలీలున్న నిర్మాణ స్థలంలో ఆరేళ్ల లోపు పిల్లలకు గది ఏర్పాటు చేయాలని 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. గది ఉన్నా అందులో మాట్లాడేవారు, చూపేందుకు బొమ్మ లేకుంటే అది పిల్లలను కాపలా కాసే చోటు మాత్రమే. పైగా ఈ కుటుంబాలు ఒక మేడ పూర్తికాగానే మరోచోటికి కదులుతాయి. బడి వారి వెంట వెళ్లలేదు. సంచిలో పట్టే పది పుస్తకాలు వెళ్లగలవు.

అన్నింటికన్నా పెద్ద అవరోధం మన చేతిలోనే ఉంది. చిరుగుతాయన్న భయంతో, లెక్క అప్పజెప్పాలన్న బెంగతో పుస్తకాలను బీరువాలో పెట్టి తాళం వేయడం పరిపాటి. ఖరీదైన ఇళ్లలోనూ అందని ఎత్తున అద్దాల అరల్లో దాచడం కనిపిస్తుంది. చిరిగిన పుటను జిగురుతో అతికించవచ్చు. ఆ పని కూడా పిల్లల చేతే చేయిస్తే పుస్తకం పట్ల జాగ్రత్త అలవడుతుంది. మూడేళ్ల వయసు మాత్రం మళ్లీ రాదు. పుస్తకాలను పిల్లల చేతికందే ఎత్తులో, తాడుకు వేలాడదీసి అయినా ఉంచాలి. రోజుకు పావుగంట వారితో కూర్చోవాలి. అంగన్‌వాడీ అయినా, ప్లేస్కూల్ అయినా, కూలీల రేకుల షెడ్డయినా చదువు అక్కడి నుంచే మొదలవుతుంది.