బొగ్గుబాయి నుంచి పగడాల దిబ్బ దాకా

గోదావరిఖని నుంచి సముద్రం చూడడానికి బయల్దేరితే గోదావరి వెంటే పోవచ్చు. మంథని, కాళేశ్వరం, ఏటూరునాగారం, మణుగూరు, భద్రాచలం దాటి, చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ దిగితే రాజమహేంద్రవరం, ఆపై కాకినాడ. ఈ దారిలో బొగ్గు గనులున్నాయి, దట్టమైన అడవులున్నాయి, చివరన మడ అడవి ఉంది. పగడాల దిబ్బ మాత్రం లేదు. ఎందుకు లేదని ఆరా తీస్తే బొగ్గుకూ అడవికీ పగడానికీ మధ్య చాలా పాత చుట్టరికం బయటపడుతుంది. సింగరేణి ప్రాంతంలో బతికేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన చుట్టరికం అది.

చలి అడవి బొగ్గైంది

1871లో భారత భూగర్భ సర్వే శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. రామగుండం, భూపాలపల్లి, మణుగూరు, కొత్తగూడెం గనులన్నీ ప్రాణహిత-గోదావరి లోయలోవే. భూమి పొర బీటలు వారి మధ్యభాగం కుంగడంతో ఏర్పడిన లోయ ఇది. కుంగినచోట నీళ్లు నిలిచాయి, మట్టి చేరింది, చిత్తడిలో అడవి పెరిగింది.

బొగ్గు అనగానే వేడి, వాన, ఉష్ణమండలపు అడవి గుర్తుకొస్తాయి. ఇంగ్లండు, అమెరికాల పాత బొగ్గు విషయంలో అది నిజమే. మన బొగ్గు కథ వేరు. సుమారు 28 కోట్ల ఏళ్ల కిందట ఈ నేల దక్షిణార్ధగోళంలో బాగా కిందికి ఉండేది. ఆస్ట్రేలియా, ఆఫ్రికా, అంటార్కిటికా, దక్షిణ అమెరికాలతో అంటుకుని గోండ్వానా మహాఖండంగా ఉండేది. మన బొగ్గు పొరల కింద తాల్చేరు శిలల్లో హిమానీనదాలు మోసుకొచ్చిన గుండ్రాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మంచు కరిగాక ఆ నేల మీద గ్లాసాప్టెరిస్ చెట్లు పెరిగాయి. నాలుక ఆకారంలో ఉండే వాటి ఆకులు చలికాలం రాగానే రాలిపోయేవి. బొగ్గుతోపాటు ఉండే షేల్ రాయిలో ఆ ఆకుల అచ్చులు దొరుకుతాయి. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ ప్రాణాలు వదిలిన స్కాట్ బృందం చివరిదాకా వదలకుండా మోసిన రాళ్లలోనూ ఇదే గ్లాసాప్టెరిస్ అచ్చులున్నాయి.

కోరంగి బురదలో జరుగుతున్నది

అడవి బొగ్గుగా మారాలంటే మొదట ఆకు కుళ్లకూడదు. మామూలు నేల మీద రాలిన ఆకును శిలీంధ్రాలు, సూక్ష్మజీవులు తినేసి అందులోని కార్బన్‌ను తిరిగి గాలిలో కలిపేస్తాయి. నీరు నిలిచిన బురదలో ఆక్సిజన్ అందక ఆ పని నెమ్మదిస్తుంది. కుళ్లని ఆకు, కొమ్మ, వేరు పొరలు పొరలుగా పేరుకుంటాయి. కోట్ల ఏళ్ల బరువు, వేడి కలిసి దాన్ని బొగ్గు చేస్తాయి.

ఇందులో మొదటి అంకాన్ని ఇప్పుడు కళ్లారా చూడాలంటే కాకినాడ పక్కనున్న కోరంగికి పోవాలి. 1978లో అభయారణ్యమైన ఈ మడ అడవి సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఆక్సిజన్ లేని బురదలో ఊపిరాడక చెట్లు వేళ్లను పైకి చాచి గాలి పీల్చుకుంటాయి. ఆ బురదే కార్బన్‌ను దాచిపెడుతోంది.

బురద చోట పగడం పెరగదు

మడకు ప్రాణమైన బురద పగడానికి ప్రాణాంతకం. పగడం ఒక జంతువు. దాని కణజాలంలో సూక్ష్మమైన శైవలాలు కిరాయిదారుల్లా ఉంటాయి. అవి ఎండతో ఆహారం తయారుచేసి, అందులో ఎక్కువ భాగాన్ని అద్దెగా పగడానికి ఇస్తాయి. ఆ బలంతోనే పగడం సున్నపు గూడు కడుతుంది. వేల ఏళ్ల గూళ్లు ఒకదానిపై ఒకటి చేరితే దిబ్బ అవుతుంది. అందుకు ఎండ దిగే తేటనీరు, నిలకడైన ఉప్పదనం, వెచ్చదనం కావాలి.

గోదావరి 1,465 కిలోమీటర్లు పారి, వానాకాలంలో ఎర్రనీటిని సముద్రంలో గుమ్మరిస్తుంది. ఉప్పదనం పడిపోతుంది, ఒండ్రు వెలుతురును అడ్డుకుంటుంది. విశాఖ తీరపు రాళ్ల మీద అక్కడక్కడ పగడపు జీవులు కనిపించినా, పెద్ద దిబ్బలు కట్టే పరిస్థితి మన తీరంలో లేదు.

అడవి కాపలా ఉన్నచోట

అడవినీ పగడాన్నీ ఒకే ప్రయాణంలో చూడాలంటే తెలుగువాళ్లకు దగ్గరి దారి అండమాన్. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పటి శ్రీ విజయపురం) ఓడ ఉంది. ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. వండూరులో 1983లో ఏర్పాటైన మహాత్మా గాంధీ సముద్ర జాతీయవనంలో ముఖానికి అద్దం, నోట్లో స్నార్కెల్ గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ పగడాలను చూడొచ్చు. వెనక్కి తిరిగితే ఒడ్డున వర్షారణ్యం.

ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడే దీవుల్లో నీరు తేటగా ఎలా ఉంది? అక్కడ గోదావరి లాంటి పెద్ద నది లేదు. వాలుల మీద మట్టిని అడవి వేళ్లు పట్టి ఉంచుతాయి. జారిన కాస్త మట్టిని మడచెట్లు వడగడతాయి. అలల దెబ్బను పగడాల దిబ్బ కాచుకుంటుంది కాబట్టి మడకు రక్షణ దొరుకుతుంది. కొండ మీద అడవి నరికితే దాని ఫలితం నీటి అడుగున కనిపిస్తుంది.

ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలోనూ ఇదే అమరిక. కెయిర్న్స్ నుంచి ఉత్తరానికి సాగే దారికి ఒకవైపు డెయిన్‌ట్రీ వర్షారణ్యం, మరోవైపు 2,300 కిలోమీటర్ల గ్రేట్ బ్యారియర్ రీఫ్. అదే క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని బోవెన్ గనుల బొగ్గు కూడా గ్లాసాప్టెరిస్ అడవుల కాలానిదే. అంటే మన గోదావరిఖని బొగ్గుకు తోబుట్టువు.

అడవీ పగడమూ ఒక్కసారే పోయాయి

సుమారు 25.2 కోట్ల ఏళ్ల కిందట సైబీరియాలో భూమి చీలి లక్షల ఏళ్లపాటు లావా పొంగింది. ఆ లావా దారిలో ఉన్న బొగ్గు పొరలు, ఇతర కార్బన్ నిల్వలు కాలి బొగ్గుపులుసు వాయువు గాలిలోకి చేరింది. ఉష్ణమండల సముద్రాలు దాదాపు 10 డిగ్రీల మేర వేడెక్కాయి, నీటి ఆమ్లత పెరిగింది. ఇంచుమించు అదే కాలంలో గ్లాసాప్టెరిస్ అడవులు అంతరించాయి. ఆనాటి పగడాల జాతులన్నీ నశించాయి. ఆ తర్వాత సుమారు కోటి ఏళ్లపాటు భూమ్మీద ఎక్కడా చెప్పుకోదగ్గ బొగ్గు ఏర్పడలేదు. చిత్తడి అడవులే లేవు మరి. నేటి పగడాల పూర్వీకులు ఆ మహావినాశనం తర్వాతే కనిపిస్తాయి.

అప్పుడు లావా చేసిన పనిని ఇప్పుడు మనం బాయిలర్లలో చేస్తున్నాం. ఒక కిలో కార్బన్ కాలితే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి 3.67 కిలోల బొగ్గుపులుసు వాయువు అవుతుంది. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల అణువుల్లో 280 ఈ వాయువువి, ఇప్పుడు 420 దాటాయి. మనం వదిలే దానిలో దాదాపు నాలుగోవంతును సముద్రం పీల్చుకుని ఆమ్లత పెంచుకుంటోంది. అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రానికే చేరుతోంది. మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిస్తే చాలు, పగడం తన శైవలాలను వెళ్లగొట్టి తెల్లబడుతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చస్తుంది. 2010లో అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడ్డాయి. గ్రేట్ బ్యారియర్ రీఫ్ 2016, 2017, 2020, 2022, 2024లలో వరసగా దెబ్బతింది.

బొగ్గు ప్రాంతం చేయగలిగింది

ఇందులో బాయిలో దిగిన కార్మికుడి నేరం లేదు. దేశానికి వెలుగునిచ్చింది అతని చెమట. కాబట్టి బొగ్గు తగ్గించే ప్రతి నిర్ణయంలో అతని బతుకుదెరువుకు మొదటి చోటు ఉండాలి. రామగుండంలోనే ఆ మార్పుకు ఆనవాళ్లున్నాయి. ఎన్‌టీపీసీ జలాశయంపై తేలియాడే 100 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం 2022 జులై నుంచి పూర్తిస్థాయిలో నడుస్తోంది. సింగరేణి కూడా సౌర ప్లాంట్లు పెట్టింది. గని పని నేర్పిన యంత్ర నైపుణ్యం, విద్యుత్ నైపుణ్యం ఈ కొత్త కేంద్రాల్లోనూ అక్కరకొస్తాయి. ఆ ఉద్యోగాలు గని మూతపడిన తర్వాత కాదు, మూతపడకముందే, అదే ఊళ్లో దొరికేలా చూడాలి. ఓపెన్‌కాస్ట్ మట్టిదిబ్బల మీద నాటే మొక్కలు లెక్కకు సరిపోతే చాలదు, మట్టిని పట్టి ఉంచే స్థానిక జాతుల అడవిగా ఎదగాలి.

ప్రకృతి కోట్ల ఏళ్లు దాచిన కార్బన్‌ను రెండు మూడు వందల ఏళ్లలో వదిలేస్తే అడవికైనా పగడానికైనా తట్టుకునే వ్యవధి ఉండదు. వేగం తగ్గించడం మన చేతుల్లో ఉంది. లావాకు ఆ ఎంపిక లేదు, మనకుంది.