కాలవగట్టు మీద సైకిలు

"మోటార్ల బెడద లేని దారి నాన్నగారూ, తొక్కుతారా?" అన్నాడు తూలూజ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి. నేను సైకిలు ముట్టి ముప్పయ్యేళ్లయింది. "ఎముకలు లెక్కపెట్టుకుని రండి," అని మా ఆవిడ సాగనంపింది.

అది కెనాల్ ద్యు మిది గట్టు. ఒకప్పుడు గుర్రాలు పడవలను లాగిన బాట. లాకులు మన గోదావరి కాలవల మీదివాటిలాగే పనిచేస్తాయి. కాకపోతే, మట్టి ఒత్తిడికి గోడలు కూలకుండా కోడిగుడ్డు ఆకారంలో కట్టారు.

రెండో రోజు నోరూజ్ చేరాం. కాలవకు మిట్ట అదే. అక్కడ నీరు రెండుగా చీలి, ఒక పాయ అట్లాంటిక్ వైపు, ఇంకొకటి మధ్యధరా వైపు పోతుంది. మరి మిట్టకు నీరెక్కడిది? ఉప్పుపన్ను గుత్తేదారు రికె నల్లకొండల వాగులను మళ్లించి తెచ్చాడు. 1666లో రాజాజ్ఞ పుచ్చుకుని, సొంత ఆస్తి కూడా ధారపోసి, 1680లో కన్నుమూశాడు. కాలవ తెరిచింది 1681లో! 240 కిలోమీటర్ల కాలవ పూర్తికావడం చూడనేలేదు పాపం. నేను కాసేపు మాట్లాడలేకపోయాను.

అంతవరకూ నున్నని తారు. ఆపైన కంకర, మట్టి, ప్లేను చెట్ల వేళ్లు. నా నడుం సంగతి అక్కడ బయటపడింది. 2006లో కనబడ్డ తెగులు వల్ల వేల చెట్లు కొట్టేశారు. నీడ పోయిన చోట ఎండ మాడ్చేసింది.

కాస్తెల్‌నోదారిలో, "రైలెక్కుదామా?" అన్నాడు అబ్బాయి. నేను అప్పటికే స్టేషను వైపు తిరిగాను.