ఓడి మొదలెట్టిన టైటాన్స్

ఆగస్టు నెలాఖరుకి పల్నాడులో మిరప నారు నాటే పని ఊపందుకుంటుంది. పత్తి అప్పటికే పూత మీద ఉంటుంది. 2025లో సరిగ్గా ఆ రోజుల్లోనే, ఆగస్టు 29 రాత్రి, విశాఖపట్నంలో ప్రో కబడ్డీ లీగ్ పన్నెండో సీజన్‌కి తెర లేచింది. తొలి పోటీ తెలుగు టైటాన్స్‌కీ తమిళ్ తలైవాస్‌కీ. ఏడేళ్ల తర్వాత లీగ్ విశాఖకు తిరిగొచ్చింది. జట్టు మనది, ఊరు మనది, అరుపులు మనవి. గెలుపు మాత్రం తలైవాస్‌ది, 38-35. మర్నాడు యూపీ యోధాస్ మీద దిగితే 40-35తో మళ్లీ ఓటమే.

పొలం పని ముగించుకుని, అన్నం తిని, రాత్రి ఎనిమిదింటికి ఫోన్‌లో మ్యాచ్ పెట్టుకున్న నరసరావుపేట, గురజాల, మాచర్ల కుర్రాళ్లు 'ఈ ఏడు కూడా ఇంతేరా' అనుకుని ఉంటే వాళ్లను తప్పు పట్టలేం. ఆ నిరాశకు లెక్కలతో సహా కారణం ఉంది.

2021-22 సీజన్‌లో టైటాన్స్ 22 మ్యాచ్‌లాడి గెలిచింది ఒక్కటి. 2022లో రెండు. 2023-24లో మళ్లీ రెండు. మూడు సీజన్లు, 66 మ్యాచ్‌లు, అయిదు గెలుపులు. లీగ్‌లో ఉన్నవి పన్నెండు జట్లు. పన్నెండో స్థానానికి టైటాన్స్ పేరు ముందే రాసిపెట్టారా అన్నంతగా సాగింది ఆ కాలం. ప్లేఆఫ్స్ మొహం చూసింది చివరిసారిగా 2016లో. కోడిపందెంలో ఓడిన మలిదేవరాజు అరణ్యవాసం ఏడేళ్లని పల్నాటి కథ చెబుతుంది. టైటాన్స్ వనవాసం తొమ్మిదేళ్లు సాగింది.

ఎప్పుడూ ఇలాగే లేదు. 2014లో లీగ్ పుట్టినప్పటి నుంచీ ఉన్న ఎనిమిది జట్లలో టైటాన్స్ ఒకటి. 2015లో సెమీఫైనల్‌కి వెళ్లి బెంగళూరు బుల్స్ చేతిలో ఒక్క పాయింటు తేడాతో, 39-38తో ఓడింది. ఆ ఏడు మూడో స్థానం దక్కింది. ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ నుంచి వచ్చిన రాహుల్ చౌదరి అప్పట్లో తెలుగు ఇళ్లలో సొంత మనిషి. కూతకెళ్లాడంటే ఖాళీ చేతులతో తిరిగి రాడని నమ్మకం. చిక్కు అక్కడే మొదలైంది. ఆ నమ్మకం జనానికే కాదు, జట్టుకూ అలవాటైపోయింది.

టైటాన్స్ సీజన్ ఆరంభాలను వరసగా పేర్చి చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది. 2017 జులై 28న హైదరాబాద్ గచ్చిబౌలిలో తొలి మ్యాచ్. అప్పుడే లీగ్‌లోకి వచ్చిన తలైవాస్‌ను టైటాన్స్ 32-27తో ఓడించింది. రాహుల్ ఫామ్‌లో ఉన్నాడు, సొంత మైదానంలో ఇంకా మ్యాచ్‌లున్నాయి, ఇంకేం కావాలి? ఆ తర్వాత అదే గచ్చిబౌలిలో, అదే జనం ముందు వరసగా ఓటములే. ప్రత్యర్థులు రాహుల్‌ను కట్టడి చేస్తే చాలనుకున్నారు. చేశారు. మిగతా పని దానంతటదే అయిపోయింది.

2019లో అదే కథ మరో పేరుతో. కొల్హాపూర్ ప్రాంతం నుంచి వచ్చిన సిద్ధార్థ్ దేశాయ్‌ను వేలంలో కోటీ 45 లక్షలకు కొన్నారు. ముందు ఏడాది అతను యూ ముంబా తరఫున చెలరేగాడు. జులై 20న గచ్చిబౌలిలో తొలి మ్యాచ్ ఆ యూ ముంబాతోనే పడింది. 31-25తో ముంబాదే పైచేయి. 2021 డిసెంబరులో బెంగళూరులో ప్రేక్షకులు లేని హాలులో తలైవాస్‌తో 40-40 టై అయింది. పర్వాలేదనిపించే ఆరంభమే. తర్వాత సిద్ధార్థ్ గాయంతో దూరమయ్యాడు. ఆ సీజన్ మొత్తానికి టైటాన్స్ గెలిచింది ఒక్క జైపూర్ మీదే, అదీ 35-34తో.

ఆపైన పవన్ సెహ్రావత్ వచ్చాడు. 2022లో తలైవాస్ అతణ్ని 2 కోట్ల 26 లక్షలకు కొంటే, తొలి మ్యాచ్ మొదటి నిమిషాల్లోనే మోకాలు దెబ్బతిని సీజన్ అంతా బయటే కూర్చోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది వేలంలో టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టింది. ప్రో కబడ్డీలో అంత ధర అంతకు ముందెవరికీ పలకలేదు. పవన్ డబ్బుకు న్యాయం చేశాడు. ఆ సీజన్‌లో రెండొందల పైచిలుకు రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు మాత్రం అహ్మదాబాద్‌లో తొలి మ్యాచ్ గుజరాత్ చేతిలో 38-32తో ఓడి, చివరికి 19 ఓటములతో అట్టడుగున తేలింది. ఒక మనిషి రెండొందల పాయింట్లు తెస్తే రెండు గెలుపులు వచ్చాయన్న మాట. ఇంతకంటే గట్టిగా కబడ్డీ ఏడుగురి ఆట అని ఏ లెక్కా చెప్పలేదు.

ఆట తీరు తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు మ్యాట్. మధ్య గీత నుంచి మూడుముప్పావు మీటర్ల దూరంలో బాక్ లైను, అక్కడి నుంచి ఇంకో మీటరు అవతల బోనస్ లైను. రైడర్‌కి ఉండేది 30 సెకన్లు. అతను బోనస్ కోసం కాలు చాపిన క్షణంలో కార్నర్ డిఫెండర్ కూర్చుని చీలమండ దొరకబుచ్చుకోవాలి, పక్కనున్న కవర్ డిఫెండర్ అదే క్షణంలో భుజంతో గుద్ది అతణ్ని గీతకు దూరంగా నెట్టాలి. ఇద్దరిలో ఒకడు రెప్పపాటు ముందు కదిలితే రైడర్ ఒక్కసారిగా ఇద్దరినీ అవుట్ చేసి వెళ్తాడు. ఈ జోడీ కుదరడానికి నెలల సాధన కావాలి. ప్రతి వేలం తర్వాతా జట్టు సగానికి సగం మారిపోయే లీగ్‌లో మొదటి వారాల్లో ముందు దొరికిపోయేది డిఫెన్సే. మిరప నారు నాటిన వారానికి ఆకులు వాలేసి కనిపిస్తుంది, చేను చూసి బెంగపడేది కొత్త రైతే. సీజన్ మొదటి వారం డిఫెన్స్ కూడా అచ్చం అలాగే ఉంటుంది.

టైటాన్స్ నిజంగా మారడం మొదలైంది 2024లో, కోచ్‌గా కృషన్ కుమార్ హుడా వచ్చాక. టైటాన్స్ ఒకే ఒక్క మ్యాచ్ గెలిచిన ఆ 2021-22 సీజన్‌లో దబంగ్ ఢిల్లీని విజేతగా నిలబెట్టిన కోచ్ ఈయనే. పట్నా పైరేట్స్‌తో ఆ ఫైనల్‌ని ఢిల్లీ 37-36తో గెలిచింది. అందులో 14 పాయింట్లు తెచ్చిన విజయ్ మలిక్ కూడా తర్వాత టైటాన్స్‌కే వచ్చాడు.

2024 అక్టోబరు 18న గచ్చిబౌలిలో పదకొండో సీజన్ మొదలైంది. బెంగళూరు బుల్స్ మీద 37-29తో టైటాన్స్ గెలిచింది, పవన్ 13 పాయింట్లు తెచ్చాడు. అభిమానులు పండగ చేసుకున్నారు. ఆ పండగ ఒక్క రోజే. మర్నాడు తలైవాస్ 44-29తో చితక్కొట్టింది, ఆ వెంటనే జైపూర్ చేతిలో ఘోరమైన ఓటమి. మళ్లీ పాత దారే అనుకుంటుండగా జట్టు లేచి నిలబడింది. సీజన్ మధ్యలో పవన్ గాయపడితే విజయ్ మలిక్, ఆశిష్ నర్వాల్ భారం మోశారు. 22 మ్యాచ్‌ల్లో 12 గెలుపులు. అంతకు ముందు మూడు సీజన్లలో కలిపి వచ్చిన వాటికి రెట్టింపు కంటే ఎక్కువ. అయినా ఏడో స్థానంతో ఆగిపోయింది, ప్లేఆఫ్స్‌కి వెళ్లింది ఆరు జట్లే.

అప్పుడు టైటాన్స్ ఒక తెగువ చేసింది. 2025 వేలానికి ముందు పవన్‌ను వదిలేసింది. ఒకప్పుడు రెండున్నర కోట్లు దాటిన ఆటగాణ్ని తలైవాస్ 59 లక్షల 50 వేలకు తీసుకుంది. టైటాన్స్ పవన్ మీద పెట్టే డబ్బును ముక్కలు చేసి పంచింది. భరత్ హుడాకు 81 లక్షలు, కార్నర్ శుభం షిండేకు 80 లక్షలు, విజయ్ మలిక్‌కు 51 లక్షల 50 వేలు. కెప్టెన్సీ విజయ్‌కి. పేరు చెప్పగానే హాలు ఊగిపోయే స్టార్ ఒక్కడూ లేడు. ఇది పొదుపా, ఆలోచనా అని అప్పట్లో అనుమానం రావడం సహజం. ఆలోచనే అని తర్వాత తేలింది.

ఆ నేపథ్యంలో విశాఖ తొలి రాత్రిని మళ్లీ చూడాలి. అవతలి వైపు పవన్ ఉన్నాడు, అర్జున్ దేశ్వాల్ ఉన్నాడు. పేర్లు పెట్టి తూచితే తలైవాసే బరువు. అయినా తేడా మూడు పాయింట్లే. మర్నాడు అయిదు. రెండు రోజులూ టైటాన్స్ 35 పాయింట్లు తెచ్చింది. పాయింట్ల పట్టికలో మాత్రం సున్నా కనిపించింది. దానికో కారణముంది. అంతకు ముందు సీజన్ల వరకూ గెలిస్తే అయిదు పాయింట్లు, ఏడు లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడితే ఒక పాయింటు ఇచ్చేవారు. పన్నెండో సీజన్ నుంచి గెలిస్తే రెండు, ఓడితే గుండుసున్నా. టై అన్నదే తీసేసి, లీగ్ దశలోనూ గోల్డెన్ రైడ్ అనే ఆఖరి నిర్ణాయక కూత దాకా వెళ్లయినా సరే తేల్చేస్తున్నారు. పాత లెక్కయితే ఆ రెండు ఓటములకూ చెరో పాయింటు వచ్చేది. పట్టిక మాత్రమే చూసినవాడికి అట్టడుగు జట్టు కనిపించింది. ఆట చూసినవాడికి ఇంకోటి కనిపించి ఉండాలి.

మూడో మ్యాచ్‌లో జైపూర్ పింక్ పాంథర్స్‌ను ఓడించి టైటాన్స్ ఖాతా తెరిచింది. అక్కణ్నుంచి బండి కదిలింది. భరత్‌ను ఆపితే విజయ్ కూతకెళ్తాడు, విజయ్‌ని కూర్చోబెడితే భరత్ తెస్తాడు. వరసగా రెండు కూతలు ఖాళీగా పోయాక మూడో కూతలో పాయింటు తేకపోతే అవుటయ్యే 'డూ ఆర్ డై' కూతల భారం ఒక్కడి నెత్తిన పడలేదు. 18 మ్యాచ్‌ల్లో పదింట గెలిచి నాలుగో స్థానంలో నిలిచింది. తొమ్మిదేళ్ల తర్వాత ప్లేఆఫ్స్.

ఈ జట్టుతో పల్నాడుకి ఉన్న చుట్టరికం ఒక విధంగా విచిత్రమైనది. టైటాన్స్‌కి హైదరాబాదూ ఇల్లే, విశాఖా ఇల్లే. పల్నాడు రెంటికీ మధ్యన ఉంది. మాచర్ల నుంచి సాగర్ దాటితే తెలంగాణ, నడికుడి మీదుగా సికింద్రాబాద్‌కి రైళ్లున్నాయి. నరసరావుపేట వాళ్లు విశాఖలో మ్యాచ్ చూడాలంటే మాత్రం ఒక రాత్రి ప్రయాణం. రెండు రాష్ట్రాలకూ ఒకే జట్టు కావడంతో 'మనవాళ్లు' అనడానికి ఎవరికీ అడ్డు లేదు. తెలుగువాళ్లంతా ఏ గొడవా లేకుండా ఒకే పక్షాన ఉండే వ్యవహారాలు ఈ రోజుల్లో మహా అయితే రెండో మూడో ఉంటాయి.

కబడ్డీ ఇక్కడికి టీవీతో వచ్చింది కాదు. చెడుగుడు అన్నప్పటి నుంచీ ఉంది. సంక్రాంతికి ఎడ్ల పందేలు ఒకవైపు, కబడ్డీ పోటీలు ఇంకోవైపు. దున్ని చదును చేసిన నేల మీద గీతలు గీయడానికి సున్నానికి కరువు లేదు, పిడుగురాళ్ల బట్టీలు పక్కనే ఉన్నాయి. మట్టి కోర్టులో పెరిగిన ఆటగాడి బలం పట్టులో ఉంటుంది. మోకాళ్లు గీరుకుపోయినా తొడ పట్టుకుంటే వదలడు. మ్యాట్ మీద ఆ పట్టొక్కటే చాలదు. అక్కడ బూట్లుంటాయి, కాలు జారదు, వేగం పెరుగుతుంది. మట్టి మీద పట్టుకు చిక్కే రైడర్ మ్యాట్ మీద ఒక్క అడుగులో తప్పుకుంటాడు. ఇండోర్ మ్యాట్ దొరకని ఊళ్ల కుర్రాళ్లు పెద్ద స్థాయికి వెళ్లినప్పుడు వెనకబడేది ఇక్కడే.

అందుకే ఈ జట్టు గురించి మాట్లాడుకునేటప్పుడు తెలుగు అభిమాని నోట ఒక ఎత్తిపొడుపు వస్తూనే ఉంటుంది: పేరు తెలుగు, కూత హర్యానా. రాహుల్‌ది యూపీ, సిద్ధార్థ్‌ది మహారాష్ట్ర, పవన్‌ది ఢిల్లీ. విజయ్, భరత్, కోచ్ హుడా హర్యానా వాళ్లు. హర్యానాలో కబడ్డీ ఆడితే రైల్వేలోనో సర్వీసెస్‌లోనో పోలీసు శాఖలోనో ఉద్యోగం వస్తుందన్న భరోసా ఉంది, ఊరి అఖాడాల్లో మ్యాట్లున్నాయి. మన కుర్రాడికి డిగ్రీ రెండో ఏడాదికల్లా ఇంట్లో వాళ్లు ఆట మానెయ్యమంటారు. వేలంలో కోట్లు పలికిన కథలు విన్నాక కూడా ఆ మాట మారలేదు. వాళ్ల భయం అర్థం లేనిదేమీ కాదు, కోట్లు పలికేది వేళ్ల మీద లెక్కపెట్టేంత మందికే. లీగ్‌లోకి అడుగుపెట్టడానికి కొత్త కుర్రాళ్ల కోసం వేరే విభాగం ఉంది గానీ, అక్కడిదాకా వెళ్లాలంటే ముందు జిల్లా, రాష్ట్ర జట్లలో కనిపించాలి.

పల్నాడు 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా అయింది. అంటే జిల్లా కేంద్రం ఒకప్పుడు గుంటూరు, ఇప్పుడు నరసరావుపేట. జిల్లా జట్టు సెలక్షన్స్ అక్కడే జరిగితే మాచర్ల, దుర్గి, కారంపూడి కుర్రాళ్లకు కాస్త దగ్గరవుతాయి. మ్యాట్ కూడా దగ్గరైతే సంగతి వేరుగా ఉంటుంది.

ఇక సీజన్ చివరి సంగతి. నాలుగో స్థానం నుంచి టైటాన్స్ ముందు బెంగళూరు బుల్స్‌ను దాటింది. తర్వాత ఎలిమినేటర్‌లో పట్నా పైరేట్స్‌ను 46-39తో ఇంటికి పంపింది. ఆ రోజు భరత్ ఒక్కడే 23 పాయింట్లు తెచ్చాడు. ఫైనల్‌కి ఒక్క మెట్టు దూరంలో పుణేరి పల్టన్ ఎదురైంది. మొదటి నిమిషాల్లో టైటాన్స్ విరుచుకుపడి పెద్ద ఆధిక్యం సంపాదించింది. చూస్తున్నవాళ్లు ఫైనల్ లెక్కలు వేసుకోవడం మొదలెట్టారు. పుణే కుర్రాడు ఆదిత్య షిండే కూత మీద కూతకొచ్చి ఆ ఆధిక్యాన్ని కరిగించేశాడు. చివరికి 50-45తో పుణే గెలిచింది. ఫైనల్లో ఢిల్లీ 31-28తో ఆ పుణేని ఓడించి కప్పు పట్టుకుపోయింది. 2014 నాటి ఎనిమిది జట్లలో అప్పటికి ఒక్కసారి కూడా ఫైనల్ ఆడని జట్టుగా టైటాన్స్ మిగిలింది. మరుసటి నెల కారంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవాలు మొదలయ్యేసరికి మిరప చేలు పూతకొచ్చాయి, సంక్రాంతి పోటీలకు ఊళ్లలో జట్లు కట్టుకోవడం మొదలైంది.