కుందేలు రెండవ భోజనం

పశువు గడ్డి మేస్తుంది. కాని గడ్డిలోని పీచును విడగొట్టే రసం దాని దేహంలో పుట్టదు. క్షీరదాలన్నింటికీ ఇదే కొరత. ఆ పని కడుపులో కాపురముండే సూక్ష్మజీవులది. వాటి కాపురం ఎక్కడన్నదే ముఖ్యం.

ఆవులో అది చిన్నప్రేగుకు ముందున్న జీర్ణాశయపు గదులలో ఉంటుంది. అందువల్ల పులిసిన మేతతోపాటు సూక్ష్మజీవుల దేహాలలోని మాంసకృత్తులు సైతం చిన్నప్రేగులో అరిగి ఒంటబడతాయి. గుర్రానికి, కుందేలుకు ఆ కాపురం చిన్నప్రేగు దాటిన తరువాత, ముఖ్యంగా అంధనాళంలో. ఒక కొస మూసుకొన్న సంచి గనుక దానికాపేరు వచ్చింది. పేరు గుడ్డిదేకాని పని గుడ్డిది కాదు. గుర్రంలో అది సుమారు 1 మీటరు పొడవుంటుంది. అక్కడ పీచు పులియగా పుట్టిన ఆమ్లాలు రక్తంలో చేరి శక్తినిస్తాయి. సూక్ష్మజీవుల మాంసకృత్తులు మాత్రం చాలావరకు లద్దెతో బయటికి పోతాయి.

ఈ నష్టాన్ని కుందేలు పూడ్చుకొనే తీరు విచిత్రమైనది. అది రెండు రకాల పెంటికలు వేస్తుంది. గట్టివి వ్యర్థాలు. జిగురుపొర కప్పిన మెత్తనివి అంధనాళంనుండి వచ్చినవి; వాటిని నేలపై పడనీయక నేరుగా నోటితో అందుకొని మింగుతుంది. చూచేవారు ఏవగించుకోవచ్చు గాని, మాంసకృత్తులు, బి విటమినులు దానికి దక్కేది ఈ రెండవ భోజనంతోనే.

ఈ కాపురం చెదిరితే ప్రాణాపాయం. మానవులకు ప్రాణదానం చేసిన పెన్సిలిన్‌ను కుందేలుకు నోటిద్వారా ఇస్తే, మేలుచేసే సూక్ష్మజీవులు నశించి, విషాన్ని వెలువరించేవి విజృంభిస్తాయి. కొద్దిదినాలలోనే అది మరణించవచ్చు.