కృత్రిమ కాలు కుదిరిందని ఎప్పుడు చెప్పాలి?

మోకాలి కింద కాలు తీసేసిన మనిషికి కృత్రిమ కాలు తొడిగి, నాలుగడుగులు వేయించి, ఫొటో తీసి ఇంటికి పంపేస్తే పని అయిపోయిందనుకుంటాం. రెండు నెలలు తిరక్కుండానే ఆ కాలు తలుపు మూలకు చేరుతుంది. ‘అలవాటు చేసుకోలేకపోయాడు’ అని ఇంట్లోవాళ్లు అతన్నే అంటారు. ఈ మాట నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది. కాలు ఇచ్చినవాళ్లు దాన్ని మళ్లీ పరీక్షించి చూశారా అని ఎవరూ అడగరు. ఆ పరీక్ష ఎలా ఉంటుందో, ఉండాలో తెలిస్తే రోగే అడిగి చేయించుకోవచ్చు.

పని తెలిసిన ప్రోస్థెటిస్ట్, అంటే కృత్రిమ కాళ్లు అమర్చే నిపుణుడు, ముందు కాలు విప్పమంటాడు. మిగిలిన కాలి భాగాన్ని, అంటే స్టంప్‌ను, వెలుతురులో పెట్టి నాలుగువైపులా చూస్తాడు. కుట్ల మచ్చ కింది ఎముకకు అతుక్కుపోయిందా, చర్మం కదులుతోందా అని వేలితో జరిపి చూస్తాడు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ తీగను ఆనించి స్పర్శ ఉందో లేదో కనుక్కుంటాడు. షుగర్ ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. పుండు పడినా నొప్పి తెలియకపోతే, తెలిసే లోపు అది ముదిరిపోతుంది. మోకాలు పూర్తిగా చాపగలరా అన్నదీ చూస్తారు. ఆపరేషన్ తర్వాత హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుని వారాల తరబడి పడుకుంటే మోకాలు వంగి బిగుసుకుపోతుంది. అలా బిగుసుకున్న మోకాలికి ఎంత ఖరీదైన కాలు పెట్టినా నడక కుదరదు.

స్టంప్ మీది ఎర్రటి గుర్తులు చాలా విషయాలు చెబుతాయి. సాకెట్, అంటే స్టంప్ ఇమిడే తొడుగు, విప్పగానే కొంత ఎరుపు కనిపించడం మామూలే. బొటనవేలితో నొక్కితే తెల్లబడి, ఓ పది నిమిషాల్లో మాయమైపోతే కంగారు లేదు. పోకపోతే ఎక్కడుందో చూడాలి. మోకాలి చిప్ప కింది గట్టి పట్టీ, కాలి ఎముక లోపలి వైపు వెడల్పు భాగం, పిక్క కండ బరువును మోయగలవు. 1950ల చివర్లో అమెరికాలోని బర్క్‌లీలో రూపొందిన సాకెట్ ఈ లెక్క మీదే తయారైంది. అలాంటి సాకెట్లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. మోకాలి బయటి పక్క బుడిపె, ముంగాలి ఎముక అంచు, తెగిన ఎముక కొస మాత్రం ఒత్తిడిని భరించలేవు. ఎరుపు అక్కడుంటే సాకెట్ మార్చాల్సిందే. ‘ఓర్చుకో, కాయ కాస్తుంది’ అనడం తప్పు.

స్టంప్ కొస నల్లగా ఉబ్బి, పులిపిరుల్లా గరుకుగా తయారైతే మరో సంగతి. పైన బిగుతుగా పట్టి, కింద సాకెట్ అడుగు తగలకపోతే రక్తం, నీరు కొసలో నిలిచిపోతాయి. దీన్ని పట్టుకోవడానికి చిన్న ఉపాయం ఉంది. మెత్తటి బంకమన్ను లాంటి ముద్దను సాకెట్ అడుగున వేసి, కాలు తొడిగి నిలబడమంటారు. తీసి చూస్తే ముద్ద ఉండలాగే ఉందంటే స్టంప్ అడుగుకు చేరడం లేదు. పూర్తిగా అణిగిపోయి రేకులా అయితే ఎముక కొస మీద బరువు పడుతోంది. కొద్దిగా నొక్కుకుంటే సరిపోయినట్టు. పెద్ద యంత్రమేదీ అక్కర్లేని ఈ పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలే.

‘బాబాయ్, పొద్దున ఎన్ని సాక్సులు వేస్తున్నావు? సాయంత్రానికి ఎన్ని?’ అని టెక్నీషియన్ అడిగితే అదేదో పిచ్చాపాటీ అనుకోకండి. ఆపరేషన్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర దాకా స్టంప్ సన్నబడుతూనే ఉంటుంది. ఒక్క రోజులోనే పొద్దుటికీ సాయంత్రానికీ తేడా వస్తుంది. స్టంప్ మీద వేసుకునే సాక్సులు పెంచుతూ ఆ వదులును సర్దుకుంటారు. మందం పెరిగీ పెరిగీ కాలు లోపల ఇంకా కదులుతుంటే కొత్త సాకెట్ చేయించాల్సిన వేళ వచ్చినట్టే. సాకెట్ ఎంత హాయిగా ఉందో సున్నా నుంచి పదికి మార్కులు వేయమని కూడా అడుగుతారు. వాళ్లు నొచ్చుకుంటారని మొహమాటపడి తొమ్మిది అనకండి.

తర్వాత నడక. ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి చూస్తారు. నడుం ఎముకలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా? అడుగు పడగానే మోకాలు ముందుకు కుప్పకూలుతోందా, వెనక్కి విరుచుకుంటోందా? పాదం కాస్త వెనక్కి అమరితే మొదటిది, ముందుకు అమరితే రెండోది వస్తుంది. మడమ ఎత్తు లెక్క కూడా ఇక్కడే వస్తుంది. బూటుకు సరిచేసిన కాలితో ఇంట్లో ఉత్త పాదంతో నడిస్తే మోకాలు వెనక్కి తోసుకుపోతుంది. అందుకే రోజూ వేసుకునే చెప్పులతోనే క్లినిక్‌కు వెళ్లాలి.

గడియారంతో చేసే పరీక్షలూ ఉన్నాయి. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి. మోకాలి కింద కాలు పోయినవాళ్లకు దీనికి 19 సెకన్లు దాటితే పదే పదే పడిపోయే ముప్పు ఎక్కువని గుర్తించారు. రెండు నిమిషాల్లో ఎంత దూరం నడిచారో కొలుస్తారు. కృత్రిమ కాలితో ఎంత సామర్థ్యం ఉందో 47 మార్కులకు లెక్కగట్టే పరీక్ష కూడా ఉంది. ఈ అంకెలు పక్కవాడితో పోల్చుకోవడానికి కావు. మూడు నెలల కిందటి మీ అంకెతో పోల్చాలి.

అయితే మన జీవితం కుర్చీకీ వరండాకీ పరిమితం కాదు. చేనుగట్టు మీద నడవాలి, కింద కూర్చుని తినాలి, బస్సు మెట్టెక్కాలి. 1968లో జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేఠీ, హస్తకళాకారుడు రామచంద్ర శర్మ కలిసి తయారు చేసిన పాదం ఈ అవసరాల కోసమే పుట్టింది. దానికి బూటు అక్కర్లేదు, గొంతుక్కూర్చోవచ్చు. ‘మయూరి’ సినిమా చూసిన మనకు ఆ కాలంటే నాట్యమే గుర్తొస్తుంది. క్లినిక్‌లో మాత్రం నాట్యం కన్నా మరుగుదొడ్డి సంగతి ముందు అడగాలి. అడగకపోతే మీరే చెప్పండి. లేని కాలి వేళ్లు మండుతున్నాయనీ చెప్పండి. అది భ్రమ కాదు, నిజమైన నొప్పే, వైద్యం ఉంది.

ఉన్న కాలిని మర్చిపోవద్దు. ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. షుగర్ వల్ల ఒక కాలు పోయినవాళ్లకు రెండో పాదం కూడా ప్రమాదంలో ఉన్నట్టే. క్లినిక్‌లో చూడకపోతే, ఆ పాదం కూడా చూడమని అడగండి.

శిబిరాలు పెట్టే దాతలకు ఒక విన్నపం. కాలు ఇచ్చే రోజే మళ్లీ రావాల్సిన తేదీ కాగితం మీద రాసివ్వండి. ఆ రోజుకు బస్సు చార్జీ కూడా ఇవ్వండి.