లెక్కకూ అన్వయం కావాలి

రసాయనశాస్త్రంలో ఇంటిలెక్క ఇవ్వగానే మన విద్యార్థులలో పలువురు తోటివారి నోటుబుక్కును ఆశ్రయిస్తారు. నేను తెలుగు బోధించేవాడనే అయినా ఒక మాట చెప్పదలచాను. పద్యానికి వలెనే సమీకరణానికీ అన్వయం ఉన్నది.

ఒక లెక్కను పరిశీలిద్దాము. 4 గ్రాముల హైడ్రోజన్‌ను 16 గ్రాముల ఆక్సిజన్‌తో చర్య జరిపిన గరిష్ఠంగా ఎంత నీరు ఏర్పడుతుంది? తొందరపడినవారు రెండింటినీ కూడి 20 గ్రాములని వ్రాస్తారు. అది పొరపాటు.

రెండు మోల్‌ల హైడ్రోజన్‌కు ఒక మోల్ ఆక్సిజన్ కావాలని సమీకరణం చెబుతున్నది. వాటి అణుభారాలు వరుసగా 2, 32. కనుక మన వద్ద ఉన్నవి రెండు మోల్‌ల హైడ్రోజన్, అర మోల్ ఆక్సిజన్. ఈ అర మోల్ ఒక మోల్ హైడ్రోజన్‌తోనే కలిసి అయిపోతుంది. ఏర్పడే నీరు ఒక మోల్, అనగా 18 గ్రాములు. మిగిలే హైడ్రోజన్ 2 గ్రాములు. మొత్తం 20 గ్రాములే. ద్రవ్యనిత్యత్వ నియమానికి భంగం లేదు.

చూచి వ్రాసిన సమాధానం ఆ ఒక్క లెక్కకే పనికివస్తుంది. పరీక్షలో అంకెలు మారితే అది ఆదుకోదు. విద్యార్థులారా, తప్పినా సరే, ముందు స్వయంగా చేయండి. పిదప అధ్యాపకులకు చూపండి. దిద్దించుకున్న తప్పు కూడా విద్యయే.